మునగని కారు

"చేతులు ముందుకు పెట్టండి," అన్నాడు కెంప్.

మార్విస్ పెట్టింది. బేడీలు పడ్డాయి.

నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నా. నాకు కోపమొస్తే చెవులు ఎర్రబడతాయి. వెండెల్ నైగార్డ్ ఆస్పత్రిలో పోయాడని పొద్దున కబురు వచ్చినప్పట్నుంచీ రెండు చెవులూ మండుతూనే ఉన్నాయి. వెండెల్ మా ఊళ్ళో నలభయ్యేళ్ళు స్కూలు బస్సు తోలాడు. నన్ను ఎక్కించుకున్నాడు, నా పిల్లల్ని ఎక్కించుకున్నాడు. ఎంత గడ్డకట్టే చలిలోనైనా ఒక్క పిల్లని వదిలేసి బస్సు కదిలించిన పాపాన పోలేదు. అలాంటి మనిషి మంగళవారం పొద్దున్నే కాఫీ పెట్టుకుని తాగి, గొంతు కాలి, మూడ్రోజులు యాతన పడి పోయాడు. కాఫీ మంచిదే. కుళాయిలో వచ్చిన నీళ్ళే మంచివి కావు.

మా ఎల్క్ బే ఊరికి నీళ్ళు మేమిప్పుడున్న ఈ ప్లాంటు నుంచే వెళ్తాయి. నీళ్ళు పైపుల్ని తినెయ్యకుండా చిటికెడు కాస్టిక్ సోడా కలుపుతారు. మంగళవారం చిటికెడు కాదు, చేటెడు పడింది. నోళ్ళు పొక్కినవాళ్ళు, కడుపులో పుండ్లు పడినవాళ్ళు, ముసలీ ముతకా అంతా ఆస్పత్రిలో సెలైన్ల మీద పడి ఉన్నారు. ఆ పొద్దున డ్యూటీలో ఉన్నది మార్విస్ హాగెన్ ఒక్కతే.

"ఓరిన్ గారూ, మీరు అడిగారు కదాని ఈమెని ఇక్కడికి తీసుకొచ్చా," అన్నాడు కెంప్. "అడగాల్సింది అడగండి. తర్వాత నేను కోర్టుకి తీసుకెళ్ళిపోతా. నిన్నటిదాకా విషం కేసు. పొద్దుట్నుంచి హత్య కేసు."

ఈ కెంప్ రాష్ట్ర పోలీసువాడు. రాజధాని నుంచి వచ్చాడు. నాకంటే ఇరవయ్యేళ్ళు చిన్న. బూటు మీద బురద పడితే ఆగి తుడుచుకునే రకం. నేను మామూలు కౌంటీ డిటెక్టివ్‌ని. నా బూట్లకి బురదే రంగు.

మార్విస్ ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నా.

"మంగళవారం ఆరింటికి ఎక్కడున్నావ్?"

"నాలుగోసారి అడుగుతున్నావ్ ఓరిన్."

"ఐదోసారీ అడుగుతా. చెప్పు."

"వెనక ఫిల్టర్లు కడుగుతున్నా. అది మొదలుపెడితే మధ్యలో వదిలి రాలేం. ముప్పావు గంట పడుతుంది. వచ్చి చూసేసరికి కాస్టిక్ అంకె ఆకాశంలో ఉంది. నా గుండె ఆగిపోయింది. వెంటనే దించేశా. అప్పటికే ఊళ్ళోకి వెళ్ళిపోయింది."

"ఈ గదిలోకి ఎవరైనా వచ్చారా?"

"ఎవరొస్తారు? గేటు తాళం నా దగ్గరే."

కెంప్ నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు పళ్ళు నూరబుద్ధి వేసింది.

"అదేగా నేను మొత్తుకునేది! గేటు కెమెరాలో పిట్ట కూడా లోపలికి రాలేదు. ఆరూ పదికి మార్విస్ హాగెన్ పేరుతో కాస్టిక్ పెరిగింది. ఏడింటికి మార్విస్ హాగెన్ పేరుతోనే తగ్గింది. పాస్‌వర్డ్ ఈమెకి తప్ప పురుక్కి కూడా తెలీదు. నిప్పు పెట్టిందీ ఈమే, నీళ్ళు పోసిందీ ఈమే."

"ఎందుకు పెడుతుందయ్యా?"

"పోయిన నెల కౌన్సిల్ మీటింగులో ఏమందో మీకు తెలీదా? 'ఈ ఊరు ఏదో ఒకరోజు ఈ నీళ్ళు తాగే చస్తుంది' అంది. నిండు సభలో. ఇంకేం కావాలి మీకు?"

"ఎందుకన్నానో కూడా చెప్పండి!" మార్విస్ లేచిపోయింది. బేడీలు బల్లకి తగిలి ఠంగుమన్నాయి. "కంప్యూటర్ మార్చండి మహాప్రభో అని అడిగా. కాలం చెల్లిన చెత్త మీద ఊరి నీళ్ళు నడుపుతున్నారు అన్నా. బతిమాలితే బెదిరింపు అంటారా?"

"కూర్చోండి."

"కూర్చోను! వెండెల్ నాకు బస్సు నేర్పినవాడు. నా మొదటి ఉద్యోగం ఆయన బస్సులోనే, ఆయన పక్క సీట్లో."

నేనూ అరిచేసేలా ఉన్నానని మూలకి తిరిగా.

మూలన ఇంకో మనిషి ఉన్నాడు. ట్రెంట్ ఫాసమ్. కౌంటీ మొత్తానికి కంప్యూటర్లు చూసేది వీడే. ఈ ప్లాంటు, స్కూలు, ఫైర్ హాలు, ఆస్పత్రి, అన్నీ వీడి చేతిలోవే. ఇంత గొడవ జరుగుతుంటే నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఎండబెట్టిన జింక మాంసం నములుతున్నాడు.

"ఏరా ట్రెంట్, ఆ మీటింగులో నువ్వేమన్నావ్?"

"ఏమంటాను? పనిచేస్తున్నదాన్ని ముట్టుకోవద్దన్నా. ఈ పంపుల పేజీ తయారుచేసినవాడు వ్యాపారం మూసేసి పోయాడు. ఆ పాత బ్రౌజర్లో తప్ప అది తెరుచుకోదు. అప్‌డేట్ చేశావో, స్క్రీన్ తెల్లకాగితం. అప్పుడు మళ్ళీ నన్నే తిడతారు."

నేను లేచి కంప్యూటర్ దగ్గరికి వెళ్ళా. స్క్రీన్ అంచున పసుపు చీటీ అంటించి ఉంది. ఎండకి రంగు వెలిసిపోయింది. "అప్‌డేట్ అడిగితే 'తర్వాత' నొక్కండి. ఇంకేం ముట్టుకోవద్దు. ట్రెంట్." ఆ చీటీ మా కౌంటీలో ఏ ఆఫీసుకి వెళ్ళినా కనబడుతుంది. అందరూ దేవుడి పటంలా చూసుకుంటారు. పాపం ఆ కంప్యూటర్ రోజూ మొత్తుకుంటూనే ఉంటుంది, బాబూ నాకు కంతలు పడ్డాయి, పూడ్చండి అని. మనం 'తర్వాత' అంటాం. రేపూ 'తర్వాత' అంటాం. చివరికి ఆ బ్రౌజర్ చేసినవాడే కంతలు పూడ్చడం మానేసి చేతులు దులుపుకుని పోయినా మనం మాత్రం 'తర్వాతే'.

స్క్రీన్ మీద కాస్టిక్ పంపు పేజీ తెరిచే ఉంది. అంకె కదులుతోంది. పైన మార్విస్ హాగెన్ అని పేరు.

నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది.

"కెంప్. ఇది మళ్ళీ ఎందుకు నడుస్తోంది? మంగళవారం కంప్యూటర్ లైన్ పీకేసి పంపు చేత్తో తిప్పుతున్నారు కదా?"

"నిన్న సాయంత్రం ట్రెంట్‌తో మళ్ళీ కలిపించా. మెషిన్‌కి జబ్బు లేదు ఓరిన్ గారూ. జబ్బు మనిషికి. మనిషి దొరికింది."

"ఆమె పేరైనా తీయించలేదేం?"

"సాక్ష్యం. ఎక్కడిది అక్కడే ఉండాలి."

"సాక్ష్యమా! ఊరి నీళ్ళ పంపు సాక్ష్యమా నీకు? దొంగ పడిన ఇంటికి పాత తాళమే వేసి, తాళంచెవి గుమ్మానికి తగిలించి, పోలీసులొచ్చారు ఇక భయం లేదంటావా?"

"దొంగ పడలేదు. ఇంట్లో మనిషే చేసింది. మీ స్నేహితురాలు కాబట్టి మీకు కళ్ళు కనబడట్లేదు. ఈ వయసులో ఇంటికెళ్ళి చేపలు పట్టుకోక, కంప్యూటర్ల కేసు మీకెందుకు పెద్దాయనా?"

పెద్దాయనా అన్నాడు. తిరిగి ఒకటి తగిలిద్దామనుకునేలోపే నా కళ్ళు పంపు పేజీ పక్కన తెరిచున్న ఇంకో పేజీ మీద పడ్డాయి.

అందులో కారుంది.

మా ఊళ్ళో చలికాలం పుట్టినప్పుడు చెరువు గడ్డకట్టగానే ఫైర్ హాలువాళ్ళు, అంటే మంటలార్పేవాళ్ళు, ఒక పాత ఎర్ర కారుకి ఇంజనూ నూనే తీసేసి, గొలుసు కట్టి, మంచు మీద పెడతారు. ఎండాకాలం మొహం చూపించాక మంచు కరిగి కారు ఏరోజు మునుగుతుందో చీటీలు రాసి పందెం. మునగ్గానే ఫైర్ హాలు సైరన్ మోగిస్తారు. తర్వాత గొలుసుతో లాగి అదే కారుని మళ్ళీ ఏడాదికి దాచుకుంటారు. ట్రెంట్ ఒడ్డున కెమెరా పెట్టి, కారు కనబడేలా పేజీ చేశాడు. ఏప్రిల్ వచ్చిందంటే కౌంటీలో ఏ కంప్యూటర్ చూడు, పని ఒక పక్క, కారు ఒక పక్క.

"మంగళవారం కూడా ఇది తెరిచుందా మార్విస్?"

ఆమె తల దించుకుంది. "అందరూ తెరుస్తారు ఓరిన్. పోయినేడు సరిగ్గా మునిగే టైముకి తుఫానొచ్చి పేజీ ఆగిపోయింది, ఎవరికీ చూసే యోగం లేకపోయింది. అందుకని ఈసారి మూసేవాళ్ళే లేరు."

"పోయినేటిది రికార్డు ఉంది," అన్నాడు ట్రెంట్ నములుతూ. "నా దగ్గర ఉంది. చూపిస్తా తర్వాత."

"ఏడాది నుంచీ అదే మాట," అంది మార్విస్.

"నేను పొద్దున ఫోన్లో తెరిచా ఈ పేజీ," అన్నా. "స్క్రీనంతా ఎర్రగా అయిపోయింది. ఇది ప్రమాదం, వెనక్కి పొండి అని పెద్ద అక్షరాలు."

ట్రెంట్ విసుక్కున్నాడు. "అబ్బా, కొత్త బ్రౌజర్లన్నీ అంతే. పిరికివి. చీమ కనబడితే పాము అంటాయి. ఈ నెలలో అందరూ అదే ఫిర్యాదు. పాతదాంట్లో చూసుకోండి, శుభ్రంగా వస్తుంది అని చెప్పా."

"అందరికీ చెప్పావా?"

"అందరికీ."

ఇదిగో, ఇక్కడే నాకు ఒళ్ళు మండిపోయింది. చూడండి, కొత్త తలుపు అరిచింది, లోపలికి రావద్దు దొంగ ఉన్నాడని. మావాళ్ళేం చేశారు? తలుపు పాడైందనుకున్నారు. అరవని పాత తలుపు వెతుక్కుని అందులోంచి దూరారు. ఊరంతా, చదువుకున్నవాళ్ళూ చదువుకోనివాళ్ళూ అంతా! కుక్క మొరుగుతోందని కుక్కని కట్టేసి నిద్రపోయినట్టు.

కళ్ళజోడు పెట్టుకుని స్క్రీన్ మీదికి వంగా. బొమ్మలో కారు నిటారుగా ఉంది. కింద మంచు తెల్లగా గట్టిగా ఉంది. కుడిమూల ఆకుపచ్చ చెక్క గుడిసె ఒకటి సగం కనబడుతోంది.

"మార్విస్, ఆ మూలనున్నది ఏంటి?"

"చేపల గుడిసె. ఎవరిదో..." ఆమె ఆగిపోయింది. నోరు అలాగే తెరుచుకుంది.

"కెంప్, నువ్వు చెప్పు."

"చలికాలం మంచు మీద కూర్చుని చేపలు పట్టుకునే గుడిసె. ఇక్కడ వందలున్నాయిగా. అయితే?"

"ఉండేవి. మంచు పల్చబడకముందే, మార్చిలోనే అందరూ గుడిసెలు ఒడ్డుకి లాగేసుకోవాలి. చట్టం. లాగకపోతే జరిమానా రాసేది మేమే. ఇప్పుడు ఏప్రిల్ సగం అయింది. చెరువు మీద ఒక్క గుడిసె లేదు."

"పాత బొమ్మ అయ్యుంటుంది. కెమెరా ఇరుక్కుపోయుంటుంది. దానికీ హత్యకీ ఏం సంబంధం?"

"ఇరుక్కుంటే కదలకూడదుగా. చూడు, మంచు పొడి గాలికి లేస్తోంది. పక్షి ఎగిరింది. ఇదిగో, మళ్ళీ అదే పక్షి అదే చోట ఎగిరింది."

కెంప్ వంగాడు. మొదటిసారి నవ్వు ఆగింది.

మాకు ఎడమపక్క గోడకి కిటికీ ఉంది. స్క్రీన్ మీద ఎండ పడుతోందని ఎప్పుడో తెర దించేశారు. దాని ముందు సామాన్ల బీరువా కూడా అడ్డం పెట్టారు. నేను బీరువా పక్కకి తోసి తెర తాడు లాగా. దుమ్ము రాలింది. ఎండ భళ్ళున లోపల పడింది.

కింద చెరువు. చెరువు మీద కారు.

నల్లబడిన మంచు. చుట్టూ నీళ్ళ మడుగులు. కారు ముందు చక్రం ఒకటి కిందకి దిగబడిపోయి, కుంటి గేదెలా పక్కకి ఒరిగి నిలబడి ఉంది. గుడిసె లేదు. ఏమీ లేదు.

నేను కిటికీ చూపించా. తర్వాత స్క్రీన్ చూపించా.

"ఇది కారు. ఇది కారు కాదు. ఎవడో మన పేజీ మీద వాడి పేజీ పరిచాడు. పాత బొమ్మ తిప్పుతూ మనల్ని కూర్చోబెట్టాడు. మనం కారు చూస్తున్నాం, వాడు మన వెనకనుంచి లోపలికొచ్చి మార్విస్ పాస్‌వర్డ్ టైపు చేస్తుంటే చూసి రాసుకున్నాడు. కొత్త బ్రౌజర్‌కి ఆ కంత లేదు, అందుకే అరిచింది. పాతదానికి ఒళ్ళంతా కంతలే. అరవడానికి దానికి నోరు కూడా లేదు."

"ఊహ," అన్నాడు కెంప్. కానీ గొంతులో ముందున్న పొగరు లేదు. "రుజువు లేదు. బొమ్మ దొంగదే అనుకుందాం. దొంగ బొమ్మ పెట్టినవాడే కాస్టిక్ పెంచాడని ఎలా చెప్తారు? జడ్జి ముందు పక్షి ఎగిరింది, గుడిసె ఉంది అంటే బయటికి గెంటుతారు."

"ట్రెంట్, నువ్వు చెప్పు. అలా జరగొచ్చా?"

ట్రెంట్ నమలడం మానేశాడు. చేతిలో మాంసం ముక్క అలాగే ఉంది. "జరగదు. అంటే... అలా జరగాలంటే ముందు నా పేజీ మార్చాలి. నా పేజీ మార్చాలంటే నా..."

మాట పూర్తికాలేదు.

"ఓరిన్!" అని అరిచింది మార్విస్. "కారు!"

నేను కిటికీ వైపు తిరిగా. కారు ఉన్నచోటే ఉంది, ఒరిగి.

"అక్కడ కాదు! ఇక్కడ!"

స్క్రీన్ మీద కారు మునుగుతోంది.

ముందు ముక్కు దిగింది. అద్దాల మీదికి నీళ్ళు వచ్చాయి. చుట్టూ జోరుగా మంచు కురుస్తోంది. బొమ్మలో తుఫాను, మా కిటికీలో ఎండ! రెండూ ఒక్క అడుగు దూరంలో. నా జన్మలో అంత సిగ్గులేని అబద్ధం చూడలేదు.

"ఇది పోయినేటిది," అంది మార్విస్ గుసగుసగా. "ఆ రోజే మంచు కురిసింది."

"పోయినేటిది ఎవరూ చూడలేదు కదా. రికార్డు ఎవరి దగ్గరుంది?"

అందరం ట్రెంట్ వైపు తిరిగాం. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

కెంప్ చేయి నడుం మీది తుపాకీ మీదికి వెళ్ళింది. "నువ్వా?"

"నేను కాదు! ఒట్టు, నేను కాదు! అది నా దగ్గరే ఉంది, నా ఆఫీసు కంప్యూటర్లో. ఎవరికీ ఇవ్వలేదు. ఎవరికీ!"

వాడి కళ్ళల్లోకి చూశా. ముప్పయ్యేళ్ళుగా అబద్ధాలు వింటున్నా. అది అబద్ధం కాదు. అబద్ధాన్ని తలదన్నే నిజం.

"ట్రెంట్. నీ ఆఫీసు కంప్యూటర్లో ఏ బ్రౌజర్ ఉంది?"

వాడు మాంసం ముక్క జేబులో కుక్కుకున్నాడు.

"నిన్నే అడుగుతున్నా!"

"పాతదే," అన్నాడు. "కారు పేజీ సరిచెయ్యాలంటే అందులోనే చెయ్యాలి."

"ఆ కంప్యూటర్లో ఇంకేమున్నాయి?"

"అందరి పాస్‌వర్డ్‌లూ," అన్నాడు. "స్కూలు. ఫైర్ హాలు. ఆస్పత్రి. అన్నీ."

లాగి కొట్టాలనిపించింది. నిజంగా చేయి లేచింది కూడా. వెండెల్ పొద్దున పోయాడు, మార్విస్ చేతులకి బేడీలు ఉన్నాయి, ఈ పెద్దమనిషి అందరికీ 'తర్వాత, తర్వాత' అని మంత్రం ఉపదేశించి, తన ఇంటికి కూడా అదే పుచ్చిపోయిన తలుపు పెట్టుకుని, ఊరి తాళంచెవుల గుత్తి దానికి తగిలించి నిద్రపోయాడు. వీడు దొంగైనా బాగుండేది. దొంగకి కనీసం జాగ్రత్త ఉంటుంది!

అప్పుడే టిక్కుమంది.

చిన్న చప్పుడు. పంపు పేజీలో అంకె మారింది. మళ్ళీ మారింది. రెట్టింపయింది. ఎవరూ కీబోర్డు ముట్టుకోలేదు. బాణం గుర్తు దానంతటది స్క్రీన్ మీద పాకుతోంది, ఎవరో నెమ్మదిగా వేలు పెట్టి జరుపుతున్నట్టు. పైన పేరు మెరుస్తోంది. మార్విస్ హాగెన్.

అసలు మార్విస్ హాగెన్ నా పక్కన నిలబడి ఉంది. రెండు చేతులూ బేడీల్లో.

"చూశావా కెంప్?" అన్నా. "కళ్ళు పెద్దవి చేసి చూడు. నీ హంతకురాలు మళ్ళీ కాస్టిక్ పెంచుతోంది. ఏ చేత్తో పెంచుతోందో జడ్జికి చెప్పు!"

కెంప్ మౌస్ పట్టుకుని లాగాడు. బాణం వాడి మాట వినలేదు. అంకె ఇంకా ఎక్కింది.

"వైరు పీకు ట్రెంట్!"

"పీకినా పంపు ఆగదు! చివరి అంకె మీదే నడుస్తూ ఉంటుంది!"

"వెనక చేతి వాల్వ్ ఉంది," అంది మార్విస్. "ఎర్ర చక్రం. అది మూసేస్తే కాస్టిక్ ఆగుతుంది. బిగుసుకుపోయి ఉంటుంది, దాని పట్టు నాకు తెలుసు. చేతులు విప్పండి!"

కెంప్ నా వైపు చూశాడు.

"నా మొహం ఏం చూస్తావ్? ఊరు మళ్ళీ మధ్యాహ్నం భోజనానికి కుళాయిలు తిప్పుకునే టైము. విప్పు!"

తాళంచెవి రెండుసార్లు జారింది వాడి చేతిలోంచి. మూడోసారి బేడీలకి పట్టింది. బేడీలు నేల మీద పడేలోపే మార్విస్ తలుపు దాటింది. కెంప్ ఆమె వెనక పరిగెత్తాడు. అడ్డుకోడానికి కాదు, చక్రం తిప్పడానికి. అది చూసి వాడి మీద కోపం అణా వంతు తగ్గింది.

వెనకనుంచి ఇనుము కీచుమనే చప్పుడు. మార్విస్ తిట్లు. కెంప్ మూలుగు. మళ్ళీ కీచు. తర్వాత ఆమె గొంతు, "మూసేశా! ఆగింది!"

నేను ట్రెంట్ కాలర్ పట్టుకుని ఫోన్ చేతిలో పెట్టా. "స్కూలుకి చెయ్. అన్ని కంప్యూటర్లూ ఆపెయ్యమను. నేను ఆస్పత్రికి..."

సైరన్.

ఫైర్ హాలు సైరన్. చెరువు మీదుగా ఊరు మీదుగా సాగదీసి ఏడుస్తూ వచ్చింది. మాకు చిన్నప్పట్నుంచీ తెలిసిన కూత. ఏడాదికోసారి కారు మునిగినప్పుడు మాత్రమే అలా మూడు విడతలుగా మోగిస్తారు. ఫైర్ హాల్లో కూర్చున్నవాడు కిటికీలోంచి బయటికి చూడలేదు. చూస్తే ఎండ కనబడేది. వాడు స్క్రీన్ చూశాడు. స్క్రీన్లో కారు మునిగింది కాబట్టి మునిగింది!

ఇప్పుడు కౌంటీ మొత్తం ఏం చేస్తుందో నాకు తెలుసు. చేతిలో పని వదిలేస్తారు. ఫోన్లో ఎర్ర స్క్రీన్ వస్తుంది. థూ అనుకుని ఎక్కడ పాత కంప్యూటర్ ఉంటే అక్కడికి పరిగెత్తుతారు. పసుపు చీటీ ఉన్న ప్రతి బల్ల చుట్టూ గుంపులు. ఆ దొంగకి ఈ ఊరి సంగతి తెలుసు. మా సరదా తెలుసు. సైరన్ కూత అర్థం తెలుసు. మంగళవారం జరిగింది వాడికి తాళం పడుతుందో లేదో చూసుకోవడమే. అసలు పని ఇవాళ.

ఆస్పత్రి నర్సు ట్వైలాకి ఫోన్ కొట్టా. వెండెల్ మంచం పక్క మూడ్రోజులూ కూర్చున్నది ఆమే. మంగళవారం నీళ్ళు తాగి పడిపోయినవాళ్ళంతా ఆమె వార్డులోనే ఉన్నారు. వాళ్ళ నరాల్లోకి మందు బొట్లు బొట్లుగా ఎక్కించే మెషిన్లు అన్నీ ఒక్క కంప్యూటర్ మీద నడుస్తాయని నాకు తెలుసు. నిన్న వెండెల్‌ని చూడ్డానికి వెళ్ళినప్పుడు నా కళ్ళతో చూశా. ఆ స్క్రీన్ అంచున కూడా పసుపు చీటీ ఉంది.

ఎత్తింది. వెనకాల ఈలలు, చప్పట్లు.

"ట్వైలా, ఓరిన్‌ని. కంప్యూటర్లు అన్నీ ఆపెయ్! ఇప్పుడే!"

"ఏంటీ? వినబడట్లేదు! ఇక్కడ గోలగోలగా ఉంది! కారు మునుగుతోంది ఓరిన్! వెండెల్ చీటీలో ఇవాళ్టి తేదీయే రాశాడు తెలుసా? ఆయన కోసమైనా చూద్దామని డాక్టర్లతో సహా అందరం ఇక్కడే ఉన్నాం!"

"ఏ కంప్యూటర్లో చూస్తున్నారు?"

"మందుల కంప్యూటర్లో. ఇంకెక్కడ? కొత్తవాటిల్లో రాదు కదా."

కిటికీలో ఎర్ర కారు ఒంటి చక్రం మీద ఒరిగి, మునక్కుండా అలాగే నిలబడి ఉంది.

ఫోన్లో చప్పట్ల వెనకనుంచి ఒక మెషిన్ కీచుమంది. దాని వెనకే ఇంకోటి. ఆ తర్వాత అన్నీ.